ఒక్కపొద్దు పలారం

కోసిన డాక్టరు పేరు పేషెంటుకు పదేళ్ళయినా గుర్తుంటుంది. నిద్రపుచ్చిన డాక్టరు పేరు మర్నాటికే గుర్తుండదు. ఇరవయ్యేళ్ళకు పైగా నాది ఆ రెండో రకం ఉద్యోగం కాబట్టి నాకా ఉక్రోషం ఉంది, దాచుకోను. అయితే నాకన్నా అన్యాయమైపోయిన మనిషి ఒకరున్నారు. పేషెంటు నా చేతికి రాకముందే సగం పని చేసిపెట్టే మనిషి, పేరు సొన్నమ్మ. ఆస్పత్రి కాగితాల్లో ఆమె థియేటర్ ఆయా. ఆ మాట రాసినవాడెవడో ఒక్క రోజు కూడా థియేటర్లో నిలబడినవాడు కాదు.

నేను చదువు ముగించుకుని, హిందూపురం నుంచి వచ్చి కాడుగోడి నర్సింగ్‌హోమ్‌లో చేరింది రెండువేల మూడులో. స్టేషన్‌కు దగ్గర్లో, కూరగాయల అంగళ్ళ వెనక ఉండేది. ఒక్కటే థియేటర్. రైలు పోయినప్పుడల్లా ట్రేలో కత్తెరలు గలగలమనేవి. మా పెద్ద మత్తు డాక్టరు హేమంత్‌కుమార్ సారు రైలు దాటేదాకా సిరంజి పట్టుకుని ఊరికే నిలబడేవాడు. టైముకు వచ్చే రైలును తిట్టిన మనిషిని ఆయన్నొక్కడినే చూశాను.

సారు మొదటి వారం నన్ను మందు ముట్టుకోనివ్వలేదు. పేషెంటు తలదగ్గర నిలబెట్టి, చూడు, చూసింది చెప్పు అనేవాడు. మత్తుకు నాలుగు దశలు. పుస్తకంలో నేనూ చదివాను, కానీ ఆయన చెప్పే తీరు వేరు. "మొదటి దశలో మనిషుంటాడు, మాట్లాడతాడు, నొప్పి మాత్రం తగ్గుతూ వస్తుంది. రెండో దశలో మనిషి ఉండడు, ఒళ్ళుంటుంది. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటాడు, ఊపిరి గతి తప్పుతుంది, వాంతి చేసుకుంటాడు. మూడో దశలో ఊపిరి సమంగా వస్తుంది, అప్పుడు సర్జన్‌కు అప్పజెప్పు. నాలుగో దశకు పోనిచ్చావా, నువ్వు ఇంకో పని చూసుకో" అనేవాడు.

నరానికెక్కించే మందుతో ఆ రెండో దశ రెప్పపాటులో దాటిపోతుంది, ఉన్నట్టు కూడా తెలీదు. ముక్కుకు మాస్కు పెట్టి గాలిలో మందు పీల్పిస్తే మాత్రం అది సాగుతుంది. సూదంటే ఏడ్చే చిన్నపిల్లల్ని అలాగే నిద్రపుచ్చేవాళ్ళం. కడుపులో ఏదైనా ఉంటే అది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి జారేది అప్పుడే. మనకు పొలమారితే దగ్గి బయటపడతాం. మత్తులో దగ్గే శక్తీ నిద్రపోయి ఉంటుంది. అందుకే ఆపరేషన్‌కు ముందు కడుపు ఖాళీగా ఉండాలంటాం. పిచ్చి పట్టి కాదు.

అప్పట్లో మా దగ్గరుండే మందు థయోపెంటోన్. చిన్న సీసాలో పసుపుపచ్చటి పొడి. నీళ్ళు కలిపి నరానికెక్కిస్తే అర నిమిషంలో మనిషి నిద్రలో ఉంటాడు. ఆ అర నిమిషంలోనే చాలామంది, "నోట్లో తెల్లగడ్డ వాసనొస్తాంది" అనేవాళ్ళు, అంటే వెల్లుల్లి. సొన్నమ్మ వాళ్ళ చెయ్యి పట్టుకుని, "అది మా ఆస్పత్రి ఊరగాయప్పా, బాగుంటాది, ఇంగ పండుకో" అనేది. ఆ మాట సగం విని సగం నవ్వి నిద్రపోయినవాళ్ళు ఎంతమందో. కెటమిన్ ఇస్తే ఇంకో తమాషా. కళ్ళు తెరిచే ఉంటాయి, మనిషి మాత్రం ఎక్కడో ఉంటాడు. ఒక తాత మెలకువ వస్తూ తన ఎద్దును పేరు పెట్టి పిలిచి, మా సర్జన్‌ను హో హో అని అదిలించాడు. ఆ పేరు మా సర్జన్‌కు ఆర్నెల్లు పోలేదు.

ఇప్పుడన్నీ కొత్త మందులు. ప్రొపొఫాల్ తెల్లగా పాలమాదిరి ఉంటుంది, ఎక్కేటప్పుడు నరం మండుతుంది గానీ లేచాక తల తేటగా ఉంటుంది. గుండె బలం లేనివాళ్ళకు ఎటోమిడేట్ ఉంది. మంచి మందులే, నాకేం ఫిర్యాదు లేదు. బ్రూక్‌ఫీల్డ్‌లో అద్దాల మేడలోకి మారిన మా ఆస్పత్రిలో ఇప్పుడు ఐదు థియేటర్లు, రైలు చప్పుడు వినబడదు. అయినా నాకు ఆ తెల్లగడ్డ రోజులంటేనే ఇష్టం. సారున్నాడు, వయసుంది, తప్పు చేస్తే తిట్టేవాడున్నాడు. ఇప్పుడు తిట్టవలసినదాన్ని నేనే అయ్యాను.

ఇంతకీ సొన్నమ్మ పనేమిటో చెప్పలేదు. అడగడం. థియేటర్ తలుపు బయట పేషెంటు పక్కన కూర్చుని, ఏం తిన్నాడో కనుక్కోవడం.

దానికొక ఆయా ఎందుకని మీకనిపించొచ్చు. నాకూ అనిపించింది. మావైపు మనుషులకు "ఉపవాసం ఉండండి" అని చెప్పడమంత ప్రమాదం ఇంకోటి లేదని నాకప్పుడు తెలీదు. మాకు ఉపవాసమంటే శనివారం ఒక్కపొద్దు. ఒక్కపొద్దంటే అన్నం ముట్టకూడదు, అంతే. అరటిపండు, పాలు, నానబెట్టిన అటుకులు, ఉప్పిండి ఇవన్నీ పలారం. పలారం తిన్నవాడు ఒక్కపొద్దున్నవాడే. దేవుడే ఒప్పుకున్నాక డాక్టరు ఒప్పుకోకపోతే ఎట్లా? అందుకే "ఏమైనా తిన్నారా?" అని మేమడిగితే గుండెమీద చెయ్యేసుకుని "లేదు" అంటారు. అందులో అబద్ధం లేదు. కడుపులో మాత్రం గిన్నెడు అటుకులుంటాయి.

సొన్నమ్మ ఎప్పుడూ తిన్నావా అని అడిగేది కాదు. పక్కన కూర్చుని, ఊరేదో, పిల్లలెందరో కనుక్కుని, తాపీగా మొదలుపెట్టేది.

"ఏమప్పా, మీ యింట్లో కాపీకి చక్కెర ఎక్కువేస్తారా, తక్కువా?"

"ఎక్కువేనమ్మా. ఈపొద్దే సల్ప తక్కువైండాది."

సొన్నమ్మ నావైపు తిరిగి, "మేడమ్మా, ఈయప్పది రేపటికేసుకోండి" అనేది. ఆయప్పకు తానెక్కడ దొరికాడో మర్నాటిదాకా తెలిసేది కాదు.

బ్రూక్‌ఫీల్డ్ వచ్చాక పేషెంట్లు మారారు గానీ సొన్నమ్మ మారలేదు. ఐటీ కుర్రాడు, నరేశ్ అని, హెర్నియాకు వచ్చాడు. టాబ్లెట్‌లో మా చెక్‌లిస్ట్ అంతా టిక్కులు కొట్టి, "ఓన్లీ వాటర్ మేడం" అన్నాడు. సొన్నమ్మ దుప్పటి సర్దుతూ, "ఆ నీళ్ళు ఏం రంగుండెనప్పా?" అంది. "కొంచెం గ్రీన్ ఆంటీ. జస్ట్ స్పినాచ్ స్మూతీ." మా చెక్‌లిస్ట్‌లో నీళ్ళ రంగు అడిగే గడి ఇప్పటికీ లేదు.

ఈ విద్య ఎవరు నేర్పారని ఒకసారి అడిగాను. "ఎవరో ఒకరు నేర్పిచ్చినారులే మేడమ్మా" అని తుడుపుగుడ్డ తీసుకుని లేచిపోయింది. నాకు పనులున్నాయి, మళ్ళీ అడగలేదు.

అర్పిత సొన్నమ్మ కూతురు, ఒక్కతే సంతానం. ముప్పయ్యైదేళ్ళుంటాయి, ఒక కంపెనీలో ఉద్యోగం. మొగుడు హరీశ్, ఆరేళ్ళ కొడుకు చైతు. కాడుగోడి రోజుల్లో స్కూలు వదలగానే అర్పిత వచ్చి మా లినెన్ గదిలో హోంవర్క్ చేసుకునేది, నన్ను డాక్టరాంటీ అనేది. పోయిన ఏడాది పిత్తాశయంలో రాళ్ళని తేలింది. రెండుసార్లు నొప్పితో మెలికలు తిరిగిపోయింది. రాయి జారి నాళంలో పడితే ప్రాణం మీదికొస్తుంది. తీసేయడం చిన్న ఆపరేషనే. కానీ రెండు పెద్ద ఆస్పత్రులవాళ్ళు వెనక్కి పంపించారు. ఎందుకంటే అర్పిత అందరికీ నిజాయితీగా చెప్పే మాట ఒకటుంది: "నాకు మత్తుమందు పడదు."

ఏడేళ్ళప్పుడు, అంటే నేను చేరకముందు, మా కాడుగోడి థియేటర్లోనే టాన్సిల్ ఆపరేషన్‌కు పడుకోబెట్టారట. మాస్కు పెట్టగానే ఊపిరాడక నీలంగా మారిపోయిందట. పట్నంలో పెద్దాస్పత్రికి తీసుకుపోయి తొమ్మిది రోజులు మిషన్ మీద పెట్టారు. ఎలాగో బతికింది. ఏ మందు, ఏమైంది అని అడిగితే ఎవరికీ తెలీదు. కాడుగోడి పాత కాగితాలన్నీ మేం ఖాళీ చేసేనాటికే చెదలు తినేశాయి. సారు పోయి ఎనిమిదేళ్ళయింది. ఏ మందు పడలేదో తెలియకుండా ఎవరు ధైర్యం చేస్తారు? వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ చేయను.

ముందే చెప్పేస్తున్నాను, అర్పిత ఆపరేషన్ బాగా జరిగింది, మూడోరోజు ఇంటికి పోయింది. నాకు జనంచేత ఊపిరి బిగబట్టించడం ఇష్టం లేదు, పగలంతా చేసేది అదే. అసలు సంగతి వేరే. ఆ టాన్సిల్ నాడు ఏం జరిగిందో సొన్నమ్మకు తెలుసు. ఇరవయ్యెనిమిదేళ్ళుగా తెలుసు. చెబితే కూతురు ఇక తన ముఖం చూడదని భయం. చెప్పకపోతే కూతురికి ఆపరేషన్ లేదు. మార్చి నెలంతా ఆమె ఆ రెంటి మధ్య నలిగింది. నేను చూడలేదు. మనుషుల్ని కనిపెట్టి చూడడమే నా ఉద్యోగం, రోజూ పక్కన నిలబడే మనిషి సన్నబడుతుంటే మాత్రం ఎండలకనుకున్నాను.

ఏప్రిల్‌లో అర్పిత నా దగ్గరికే వచ్చింది. ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు పరీక్షించే గదిలో కూర్చున్నాం. సొన్నమ్మ ఉతికిన గుడ్డల కట్ట ఒకటి పొట్టకానించుకుని తలుపు దగ్గర నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

నేను అర్పితకు విడమర్చి చెప్పాను. కొందరికి కొన్ని మత్తు గాలులు పడవు. ఒళ్ళు కాలిపోతుంది, కండరాలు బిగుసుకుపోతాయి, మనిషి దక్కడం కష్టం. దానికి విరుగుడు మందు ఏ కొద్ది ఆస్పత్రుల్లోనో ఉంటుంది, మా దగ్గర లేదు. అది పుట్టుకతో వచ్చే లోపం, వంశంలో దిగుతుంది.

"అంటే చైతుకి కూడా ఉండొచ్చా ఆంటీ?"

"ఉండొచ్చు. నీకు పరీక్షలు చేసి తేల్చుకునేదాకా వాడి మెళ్ళో కూడా మత్తు పడకపోవచ్చని ఒక కార్డు వేయమంటాను. పంటికైనా, కాలికైనా, ఏ ఆపరేషన్ కావాలన్నా ముందు ఆ కార్డు చూపించాలి."

"వానికేం లేదు" అంది సొన్నమ్మ.

నేను తలెత్తి చూశాను. "నీకెట్లా తెలుసు సొన్నమ్మక్కా? ఇది నువ్వూ నేనూ చెప్పేది కాదు."

"వానికేం లేదు మేడమ్మా. పాపకూ ఏం లేదు. మందు పడక కాదు. నేను పెట్టినా."

గుడ్డల కట్ట ఆమె చేతుల్లోనే ఉంది. దాన్ని చూస్తూనే చెప్పింది, మా ఇద్దరివైపూ చూడలేదు.

"పొద్దన్నే పాప ఉపవాసముండల్లని నర్సమ్మ ముందుదినమే చెప్పి పంపె. సరే అనుకున్యా. నేనూ ఉంటా, పాపా ఉంటాది, దేవునికి ఒక్కపొద్దు పట్టినట్టుంటాదని. తలకు పోసి, దీపం పెట్టి, పాలల్లో అటుకులు నానేసి, అరటిపండు పిసికి పెట్టినా. అన్నం ముట్టియ్యలే. సారు అడిగినాడు, ఏమన్నా తిన్నిందా అని. లేదు సార్, ఒక్కపొద్దుండాది అంటి. అంత గర్వంగా చెప్పినా మేడమ్మా."

తర్వాతి సంగతి నాకు చెప్పనక్కర్లేదు. మాస్కు, రెండో దశ, వాంతి. ఆ అటుకులు ఎటు పోయాయో సారు తన కళ్ళతో చూసుంటాడు.

"మరి మందు పడలేదని ఎవరన్నారు?" అన్నాను.

"సారే. మూడోనాడు పెద్దాస్పత్రిలో మా అత్త, మా మామ ఆదినారాయణప్ప ఇద్దరూ ఉండిరి." ఈ మాట అర్పితతో అనలేక నాతోనే అంది. "వాళ్ళ ముందర కొందరికి మత్తుమందు పడదమ్మా అని చెప్పినాడు. నన్ను పక్కకు పిల్చి, నువ్వేం పెట్టినావో నాకు తెలుసు, తెలిసి చేసింది కాదు, వాళ్ళకు తెలిస్తే నిన్ను బతకనియ్యరు అన్యాడు. పాప దక్కినాక, ఇక్కడికొచ్చి పని చెయ్, వచ్చినోళ్ళందర్నీ అడుగు, నాకు చెప్పరు, నీకు చెప్తారు అన్యాడు. అప్పట్నుంచి అడుగుతానే ఉండా."

నాకు సారు మీద ఒళ్ళు మండింది. నా గురువు, నాకు అన్నం పెట్టే విద్య నేర్పిన మనిషి. ఒక ఇల్లాలి కాపురం నిలబెట్టాలని ఒక అబద్ధం చెప్పి, హాయిగా కన్నుమూశాడు. ఆ అబద్ధం ఈ పిల్ల ఒంటిమీద మిగిలిపోయింది. పంతొమ్మిదేళ్ళప్పుడు అర్పిత స్కూటీ మీద నుంచి పడి మణికట్టు విరగ్గొట్టుకుంటే, సారు ఊళ్ళో లేని ఆ రోజు మత్తు పడదని, విరిగినచోట మొద్దుబార్చే సూది ఒక్కటిచ్చి లాగి సరిచేశారు. ఆ కేక మా కాడుగోడి అంగళ్ళదాకా వినబడింది. ఆరోజు సొన్నమ్మ లినెన్ గదిలో తలుపేసుకుంది. గురువైనా తప్పు తప్పే. బతికుంటే మొహమ్మీదే అనేదాన్ని. ఆయన తల వంచుకుని వినేవాడు కూడా, అదే నా బాధ.

అర్పిత తల్లిని చూడలేదు, నా బల్లమీదున్న కాగితాన్ని చూస్తోంది. ఇప్పుడు అరుస్తుంది, అరవనీ, అరిచే హక్కుంది అనుకున్నాను.

"ఆరోజు పొద్దున ఆకలైతాంది అని ఏడ్చింది నేనే కదమ్మా" అంది అర్పిత.

సొన్నమ్మ తలెత్తింది.

"నువ్వు దేవునికి దీపం పెడతాంటే నీ కొంగు పట్టుకుని ఏడ్చినా. గుర్తులేదా? ఆస్పత్రిలో పక్క బెడ్ పిల్లోడు బిస్కెట్ తిన్నాడని వాపస్ పంపించేసినారు. నువ్వు చీటీ తీసుకునేకి పోయిండావు. నేను చూసినా. అప్పుడే తెలిసింది, తింటే ఆపరేషన్ లేదని. ఆపరేషన్ లేకపోతే ఐస్‌క్రీమ్ లేదు. టాన్సిల్ తీస్తే దినానికి రెండు కప్పులు ఇప్పిస్తానని నాన్న చెప్పిండె."

"పాపా…"

"లోపలికి తీసుకుపోయినాక ఆ తాత డాక్టరు నన్నూ అడిగినాడమ్మా. నిన్నొక్కదాన్నే కాదు. చిన్నమ్మా, ఏమైనా తిన్నావా అని నా చెవిదగ్గరికి వంగి అడిగినాడు. నేను లేదని తల ఊపినా. నీకు తెలీక చెప్పినావు. నేను తెలిసే చెప్పినా."

నేను నీళ్ళ గ్లాసు జరిపాను, తీసుకోలేదు.

"నువ్వు అందరికీ మందు పడలేదు, మందు పడలేదు అంటాంటే, నా అబద్ధం నీకు తెలిసిపోయిందేమో, నాన్న కొడతాడని నన్ను కాపాడతాండావేమో అనుకున్యా. అందుకే నేనూ అదే చెప్తా వచ్చినా. చెయ్యి విరిగిననాడు కూడా. అంత నొప్పిలోనూ, చేసినదానికి ఇది సరిపోయిందిలే అనుకున్యా ఆంటీ."

చివరి మాట నాతో అంది. వేలమందిని నిద్రపుచ్చి లేపినదాన్ని, ఇద్దరు మనుషులు ఒకే ఇంట్లో, ఒకే గిన్నెడు అటుకులకు, ఒకరికి తెలియకుండా ఒకరు ఇరవయ్యెనిమిదేళ్ళు ఏడ్చారంటే ఏం చెయ్యాలో ఏ పుస్తకంలోనూ రాసి లేదు. నాకూ ఏడుపొచ్చింది. కళ్ళద్దాలు తుడుచుకునే నెపంతో తల దించుకున్నాను.

సొన్నమ్మ గుడ్డల కట్ట కుర్చీలో పెట్టింది. కూతురి దగ్గరికి వచ్చి, ముట్టుకోవాలా వద్దా అన్నట్టు నిలబడింది.

"ఊర్లో అందర్నీ అడుగుతావు కదమ్మా, ఏం తిన్న్యావప్పా, ఏం తాగినావప్పా అని" అంది అర్పిత, ఏడుస్తూనే, కోపంగా. "ఇన్నేండ్లలో నన్ను ఒక్కసారైనా అడిగింటే చెప్పేసుందును. నన్నెందుకు అడగలే?"

"అడిగితే నువ్వు చెప్పేస్తావు కదమ్మా" అంది సొన్నమ్మ. "అమ్మనే పెట్టిందని చెప్పేస్తావని భయపడితి."

అర్పిత లేచి తల్లిని పట్టుకుంది. నేను కాగితం ముందుకు లాక్కుని, పాత మత్తులో ఇబ్బంది అన్న గడిలో, "మందు వల్ల కాదు" అని రాసి, సంతకం చేసి, తలుపు మెల్లగా వేసి బయటికొచ్చాను.